బావ పెదవుల నీలం

అక్కకు తమ్ముడు తిమోతి వందనాలు. నువ్వూ పిల్లలూ ఎట్లున్నారు? అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? కంప్లిలో వానలు పడ్డాయా? నేను బాగున్నాను. బావ ఆస్పత్రిలో ఉన్నాడు, బతికే ఉన్నాడు. కూర్చొని చదువు. ఫోన్లో జ్వరమని చెప్పించాను. అది జ్వరం కాదు.

సండూరు గనుల ఎర్రదుమ్ము తప్పుతుందని నువ్వే కదా బావను నాతో ఈ సిక్కిం కొండల్లో రోడ్డు పనికి పంపావు. ఇక్కడ దుమ్ము లేదు, పీల్చేందుకు గాలీ లేదు. అన్నం ఎంత ఉడికించినా పలుకే. రాగిముద్ద లేక నాలుక చచ్చిపోయింది. రాళ్ళ సందుల్లో మోకాలెత్తు పొదలకు నల్లనీలం పండ్లు కాస్తాయి. బఠాణీ అంతే ఉంటాయి, పైన బూడిద పూసినట్టు. మన నేరేడుకు మనవరాలనుకో. తింటే నోరంతా నీలం.

ఈ ఎత్తులో పెదవులు నీలమైతే ఊపిరి చాలడం లేదని లెక్క. వెంటనే కిందికి దించుతారు. అది తెలిశాక నేను ఊరుకుంటానా? పండ్లు నలిపి పూసుకుని, రొప్పుతూ జీపెక్కి కిందికి పోయి, వేడినీళ్ళు పోసుకుని వచ్చాను. మా మేస్త్రీది మన పక్కనున్న గంగావతే. సంగతి తెలిసి మండిపడ్డాడు. బావ మాత్రం కడుపు పట్టుకుని నవ్వాడు.

తర్వాతి వారం బావకు నిజంగానే ఆయాసం వచ్చింది. పెదవులు మామూలుగానే ఉన్నాయి. గనుల్లో దుమ్ము మింగినప్పుడు తినే అలవాటు కదా, బెల్లం ముక్క నోట్లో పెట్టి పడుకోబెట్టాను. తెల్లారేసరికి పెదవులు నీలం.

"ఏమప్పా తిమోతీ, ఈసారి మీ బావకు పూసినావా?" అన్నాడు మేస్త్రీ. "జీపు లేదు గీపు లేదు. పనికి లేపు."

"అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా. ఇది ఆట కాదు!"

"పోయినసారీ ఇట్లే రొప్పితివి గదప్పా!"

అందరూ నవ్వారు. నా తెల్ల తువ్వాలు తడిపి, వాళ్ళ ముందే బావ పెదవులు గట్టిగా రుద్దాను. తువ్వాలుకు ఏమీ అంటలేదు. మేస్త్రీయే బావ తల పట్టుకుని జీపెక్కించాడు.

ఊపిరితిత్తుల్లో నీరు చేరిందని డాక్టరు చెప్పాడు. మన గనుల దుమ్ము అంతకుముందే లోపల గూడు కట్టిందట. ఇక కొండ ఎక్కకూడదు, గనికీ పోకూడదు.

నిన్న ఆక్సిజన్ గొట్టం తీశాక బావ మొదటి మాట ఇది: "ఏమిరా బామ్మర్దీ, మీ అక్కకు నువ్వే రాయి. నాకు చెప్పేకి ఊపిరి సాలదు."

అందుకే రాస్తున్నాను. ఆస్పత్రి వాళ్ళు వదిలిపెట్టగానే ఇద్దరం వస్తాం. ఇంటికొచ్చాక గనికి పోతానంటాడు, నువ్వు గడపకు అడ్డం నిలబడు. అమ్మకూ పాస్టరయ్యకూ వందనాలు. ఆదివారం గుడిలో బావ పేరు చెప్పి ప్రార్థన చేయించు. నన్ను మాత్రం ముందు తిట్టు, దీవెన తర్వాత చూద్దాం.

నీ తమ్ముడు,
తిమోతి