బుజ్జమ్మగారి గడప ముందు మురుగు

ఉజ్వలా,

వాషింగ్ మెషీన్ వేయకు. డ్రైనేజీ జామ్ అయింది. పైన మనం వదిలే నీళ్లన్నీ కింది వాటాలో బుజ్జమ్మగారి గడప ముందు పొంగుతున్నాయి. వాళ్ల బాత్రూమ్ కూడా మునిగింది. మన రెండో తాళంచెవి ఆవిడకిచ్చాను. పైకొచ్చి స్నానాలు చేస్తారు, విసుక్కోకు.

అపార్ట్‌మెంట్ సెక్రటరీ విజయేందర్, బాగుచేయించే ఖర్చంతా బుజ్జమ్మగారిదేనని రాసిన కాయితం పట్టుకుని వస్తాడు. సంతకం పెట్టకు. "పొంగింది వాళ్ల గడప ముంగట. సాఫ్ చేయించుకునుడు గూడ వాళ్ల పనే" అన్నాడు. కింద ఉన్నందుకు నాలుగంతస్తుల మురికీ ఆవిడదైపోయింది! అంటూనే పైపు పెట్టి కారు కడుక్కుంటున్నాడు, మహానుభావుడు. మిగతావాళ్లు బాల్కనీల్లో ముక్కులు మూసుకుని తలలూపారు. అందరూ డిగ్రీలున్నవాళ్లే. మీ అమ్మ ఉంటే అక్కడే దులిపేసేది. నాకు అంత నోరు లేదు. అందుకే అబిడ్స్ మీదుగా నడిచి జలమండలి ఆఫీసుకు వెళ్తున్నాను. మనుషుల్ని పంపేదాకా అక్కడే కూర్చుంటాను. నువ్వు తినేయి.

నాన్న

గేటు దగ్గర ఇటుకల మీదుగా దాటి వచ్చి ఉంటావు. మనకెవరికీ కాలు తడవకూడదని పొద్దున్నే బుజ్జమ్మగారు పరిచారు. విజయేందర్ కూడా వాటి మీదుగానే కారు దగ్గరికి వెళ్లాడు.