కొండ మార్కులు

ఆగస్టు 19, సాయంత్రం
నీట్ పీజీ ఫలితాలు వచ్చాయి. మా మధుమితకు 471. కుందారపల్లిలో ఉన్న మా తోడికోడలు సుధామణి కూతురు రేణుకు 438. రెండుసార్లు తీసివేసి చూసుకున్నాను. ముప్పై మూడు తక్కువ.

మధుమితకు స్కిన్ సీటు కావాలి. సరిగ్గా రాయాలంటే, నాకు కావాలి. నైట్ డ్యూటీలు ఉండవు, ఎమర్జెన్సీలు ఉండవు. హోసూరులో బోర్డు పెడితే బెంగుళూరు నుంచి కూడా వస్తారు. 471కి రాదని మధుమిత తేల్చేసింది. 438కి అసలే రాదు కదా అని అడిగాను. నన్ను అదోలా చూసి లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 20
రాత్రి బాగా నిద్రపట్టింది.

నవంబరు 27
రేణుకు స్కిన్ వచ్చింది.

నవంబరు 28
నిన్న ఇంకేమీ రాయలేకపోయాను.

రేణు రెండున్నరేళ్ళుగా గవర్నమెంట్ డాక్టరు. అంచెట్టి అవతల ఏదో కొండ ఊళ్ళో చిన్న ఆసుపత్రి. సర్వీసులో ఉన్నవాళ్ళకు వేరే కోటా ఉందట. పైగా కొండ మీద పనిచేసినందుకు మార్కులు కలిపారట.

కొండకు మార్కులేమిటి? మార్కులు చదువుకు కదా! నా కూతురు కోచింగ్ కోసం మూడేళ్ళు బస్సులో నిలబడి బెంగుళూరు వెళ్ళివచ్చింది. జూజువాడి చెక్‌పోస్టు దగ్గర లారీల మధ్య ఇరుక్కున్న గంటలకు ఎవరూ అర మార్కు కలపలేదు.

మధ్యాహ్నం సుధామణి మైసూర్‌పాక్ పట్టుకుని వచ్చింది. "అక్కా, మా రేణుకి తోలు డాక్టరు సీటంట. అది మంచిదేనా?" అని నన్నే అడిగింది. తెలియకే అడిగింది. అదే ఎక్కువ మండింది. మంచిదేనని నా నోటితో నేనే చెప్పాల్సి వచ్చింది.

మా ఆయన మైసూర్‌పాక్ నములుతూ, "ఇంగ నీ మొగం మీద మంగు పోతాది లే, ఇంట్లోనే డాక్టరు" అన్నారు. రాత్రి ఆయనకు చారు మాత్రమే పెట్టాను.

నవంబరు 30
రేణుకు ఆ పోస్టింగ్ వచ్చినప్పుడు అందరి ముందూ అయ్యో పాపం అన్నది నేనే. ఏనుగులు తిరిగే చోట ఆడపిల్ల ఎలా ఉంటుందన్నాను. చలికి కప్పుకోమని దుప్పటి కూడా ఇచ్చాను. నీలం గళ్ళది, పాతది. కొత్తది బీరువాలోనే ఉంచాను, మధుమిత హాస్టలుకు వెళితే పనికొస్తుందని.

డిసెంబరు 14
రేణుకు సీటు వచ్చినందుకు కుందారపల్లిలో భోజనాలు. కొండ ఊరి వాళ్ళు వ్యాన్ మాట్లాడుకుని మరీ వచ్చారు, రాగుల మూట మోసుకుని. ఒక ముసలామె రేణు గడ్డం పట్టుకుని, "నువ్వు పోతే మాకు యావరుండారమ్మా?" అని ఏడ్చింది. రేణు నవ్వుతూ, "యాడికి పోతాను అవ్వా, నీ గజ్జి తగ్గనీ" అంది. అందరూ నవ్వారు. ముసలామె కూడా.

నేను రేణును చూడలేదు. మధుమితను చూస్తున్నాను. అది ఆ ముసలామె నుంచి కళ్ళు తిప్పలేదు. నేను ఇంతవరకు వండిపెట్టినవేవీ, చదివించినవేవీ దాని ముఖంలో ఆ వెలుగు తేలేదు.



జనవరి 9
మధుమిత నాకు చెప్పకుండా గవర్నమెంట్ డాక్టర్ల పరీక్ష రాసిందట. అప్లికేషన్ నింపింది రేణు అట. సెలెక్ట్ అయింది. ఊరు కోరుకోమంటే రేణు ఖాళీ చేసిన ఊరే కోరుకుందట.

మొదట అరిచాను. తర్వాత కూర్చుని లెక్క వేశాను. రెండేళ్ళ సర్వీసు, కొండ మార్కులు, కోటా. మళ్ళీ రాసి అదే 471 తెచ్చుకున్నా, అవన్నీ కలిపితే రేణు కంటే చాలా పైన ఉంటుంది. అందుకేనా వెళ్తున్నావని అడిగాను.

"అట్లే అనుకోమ్మా. నీకు నిద్ర పడతాది" అంది.

ఫిబ్రవరి 2
దిగబెట్టి వచ్చాం. ఆసుపత్రి వెనక ఒకే గది. మంచం మీద నీలం గళ్ళ దుప్పటి, ఉతికి మడతపెట్టి ఉంది. రేణు వదిలిపెట్టి వెళ్ళిందట. బీరువాలోని కొత్త దుప్పటి నా చేతిలోనే ఉంది. మధుమిత పాతదాన్నే విప్పి పరిచింది. ఇది మెత్తబడిందమ్మా, ఆ కొత్తది గుచ్చుకుంటుంది అంది.

కొత్తది వెనక్కి తెచ్చాను.

ఫిబ్రవరి 20
ఫోన్ చేస్తే బయట ఎవరో "రేణమ్మా, రేణమ్మా" అని పిలుస్తున్నారు. రేణు అక్కడ ఏం చేస్తోందని అడిగాను. రేణు లేదట. ఆ ఊరికి లేడీ డాక్టరు అంటే రేణమ్మేనట. నీ పేరు చెప్పుకోవచ్చు కదే అన్నాను. మొదట్లో చెప్పిందట. "ఏ పేరైతే ఏమిమా, వస్తా ఉండారు కదా" అని పెట్టేసింది. మధుమిత అని పేరు పెట్టింది నేను.

స్కిన్ గురించి అడుగుదామనే ఫోన్ చేశాను. మరిచిపోయాను.

మార్చి 3, రాత్రి
మధుమిత ఫోన్ ఎత్తగానే "రేణూ" అని పిలిచి చూశాను.

"ఆఁ" అంది.