పొక్లెయిన్ అంటే పింగాణీ కాదు

హేస్,
సెప్టెంబరు 4

షెఫీల్డ్ తెలుగు కలయిక కార్యదర్శి సాంబశివరావు గారికి,

నూతలపాటి వరలక్ష్మి చెప్పి రాయిస్తున్న సంగతులు. నాకు డెబ్బై నాలుగేళ్ళు. పుట్టింది దర్శి దగ్గర, ఉంటున్నది హేస్‌లో, నెత్తి మీద విమానాలు పోయే వీధిలో. ఇంట్లో నేను, మా ఆయన, కొడుకు శ్రీకాంత్, కోడలు స్రవంతి. పై గదిలో అద్దెకుండి మాస్టర్స్ చదివే ప్రవల్లిక. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే ప్రవల్లిక రాస్తుంది. మా ఆయన పేరు పెళ్ళయిన నాటి నుంచీ నేను నోటితో అనలేదు, మీ కోసం ఇప్పుడు అనను. ఆ పిల్లే రాసుకుంటుంది. (నూతలపాటి రామాంజనేయులు గారు. - ప్రవల్లిక)

నా ఫిర్యాదు ఇది. మీ దసరా కలయికలో 'పని చేసే యంత్రాలు' అని ఒక బల్ల పెడుతున్నారని విని నా పొక్లెయిన్ కోసం దరఖాస్తు పెట్టించాను. నిన్న మీ కార్డు వచ్చింది. 'బొమ్మల కొలువు, మూడో మెట్టు' అని ఉందట. మా ఆయన యంత్రానికి మాత్రం యంత్రాల బల్లే దొరికింది. ఒకే ఇంట్లో పుట్టిన రెండు యంత్రాల్లో ఒకటి బల్లెక్కి, రెండోది మెట్టెక్కి కూర్చోవడం ఏం న్యాయం?

ఆఫీసు తలనొప్పి తగ్గుతుందని శ్రీకాంత్ ప్లాస్టిక్ ఇటుకలు కొనుక్కున్నాడు, మోటార్లు, పళ్ళ చక్రాలతో సహా. అవి కట్టలేక ఇంకో తలనొప్పి పట్టుకుని లాఫ్ట్‌లో పడేశాడు. వాటితో మా ఆయన పుస్తకంలో బొమ్మలు చూసుకుంటూ ఒకటి కట్టాడు. నేను ఏ పుస్తకమూ చూడకుండా ఒకటి కట్టాను.

ఎందుకు కట్టానో కూడా రాయించాలి. మా ఆయన ముప్పై ఏళ్ళు పొక్లెయిన్ నడిపాడు. కాలవ పనుల్లో ఆయన తవ్విన మట్టి నేను తట్టతో మోశాను. నలభై ఏళ్ళ కిందట ఒకనాడు ఆయన బండి కాలవలోకి బోర్లా పడింది. కట్ట జారిందన్నాడు. ఈనాటికీ అదే అంటాడు. ఆ కట్ట మీద తట్ట పట్టుకుని నిలబడింది నేను. కట్ట జారలేదు. ఆయన చెయ్యి ఎక్కువ చాపాడు. ఆ మాట అంటే, 'తట్ట మోసేదానివి, యంత్రం సంగతి నీకేం తెలుసే' అంటాడు.

అందుకని పందెం. రెండు యంత్రాలూ పక్కపక్కన పెట్టాలి, చెయ్యి పూర్తిగా చాపాలి, బకెట్ నిండా ఎత్తాలి. ఆయనది పడి నాది నిలబడితే, కట్ట జారలేదని ఆయన ఒప్పుకుని తీరాలి. నాది మీ మెట్టు మీద పసుపు కుంకుమ పెట్టించుకుని కూర్చుంటే ఇంక పందెమెక్కడిది? కాబట్టి వెంటనే మార్చండి.

ఇట్లు,
వరలక్ష్మి వేలిముద్ర
సాక్షులు: ప్రవల్లిక; స్రవంతి (డ్యూటీకి పోతూ)

తా.క. మీ కార్డు మీద 'పగిలే వస్తువు, జాగ్రత్త' అని ఎర్ర ముద్ర ఉందట. నా వస్తువు మేడ మెట్ల మీద నుంచి రెండుసార్లు పడింది. మెట్టుకి సొట్ట పడింది.


షెఫీల్డ్,
సెప్టెంబరు 9

పూజ్యులు వరలక్ష్మి ఆంటీ గారికి నమస్కారాలతో,

మీ ఉత్తరం అందింది. కమిటీలో చదివి వినిపించాను. రామాంజనేయులు అంకుల్ ముప్పై ఏళ్ళ పాటు పింగాణీ వ్యాపారం నడిపారనీ, ఆ సరుకు బండి కాలవలో బోర్లా పడిందనీ విని అందరూ అయ్యయ్యో అన్నారు. ఎన్ని జాడీలు పోయాయో పాపం.

మీరు 'పొక్లెయిన్' అని రాయించినా మాకు అర్థమైంది. మా నాయనమ్మ కూడా స్టేషన్‌ని టేసను అనేది. దరఖాస్తులో 'పోర్స్‌లిన్ బొమ్మ, చేత్తో చేసినది, తేలికగా పగులుతుంది' అని ఇంగ్లీషులో స్పష్టంగా ఉంది. పింగాణీ బొమ్మని మోటార్ల పక్కన పెట్టడం క్షేమం కాదు. మూడో మెట్టు గోడ వైపు ఉంది, పిల్లల చేతికి అందదు. మీ పందెం గురించి అంకుల్‌తో నేను మాట్లాడతాను. ఈ వయసులో పట్టింపులెందుకు?

భవదీయుడు,
సాంబశివరావు

తా.క. చనువుగా అడుగుతున్నందుకు ఏమీ అనుకోవద్దు. మా ఇంట్లో పెళ్ళినాటి టీ కప్పుకి పిడి ఊడింది. అంకుల్ అతికిస్తారా?


హేస్,
సెప్టెంబరు 12

సాంబశివరావు గారికి,

అదే వరలక్ష్మి, అదే వయసు, అదే ఇల్లు. మీకు నేను ఆంటీని కాను.

నడిపాడు అంటే దుకాణం నడపడం కాదు. ఎక్కి కూర్చుని నడపడం. పింగాణీ ఎక్కి ఎవరన్నా కూర్చుంటారా? దరఖాస్తులో తప్పు పడే వీలే లేదు. నాకు రాయడం రాదని మా ఆయనే నింపాడు. ముప్పై ఏళ్ళు దాని మీద కూర్చుని అన్నం తిన్నవాడు దాని పేరు మరిచిపోతాడా? మీరే అద్దాలు మార్పించుకోండి.

నాది ఏం చేస్తుందో చెబుతాను, మళ్ళీ అడగొద్దు. దానికి కాళ్ళ బదులు పట్టాలు. నడుం గుండ్రంగా తిరుగుతుంది. చెయ్యి మూడు చోట్ల వంగుతుంది. వంగి మట్టి తీసుకుంటుంది, నిదానంగా లేస్తుంది, పక్కకి తిరిగి పోస్తుంది. ఇదంతా చేయడానికి నాలుగు మోటార్లు ఉన్నాయి. ఇంకా బొమ్మ అంటారా?

ఇట్లు,
వరలక్ష్మి వేలిముద్ర
సాక్షులు: ప్రవల్లిక, శ్రీకాంత్ (ఆఫీసు మీటింగులో ఉండి, మైకు ఆపి)

తా.క. ఇది ప్రవల్లిక రాస్తున్నది. మీ కప్పు సంగతి చదివితే మళ్ళీ చదవమన్నారు. మళ్ళీ చదివాను. కప్పు పంపించమన్నారు. అతికించడానికి కాదట.


షెఫీల్డ్,
సెప్టెంబరు 17

గౌరవనీయులైన వరలక్ష్మి గారికి,

పొరపాటుకి క్షమించాలి. మీ రెండో ఉత్తరంతో మాకు విషయం పూర్తిగా బోధపడింది. నడుం తిప్పడం, చెయ్యి మూడు చోట్ల వంచడం, నిదానంగా లేచి పక్కకి తిరగడం. అంటే మీది నాట్యం చేసే పింగాణీ బొమ్మ. అలాంటిది మా కలయికలో ఇంతవరకూ రాలేదు. కమిటీ ఏకగ్రీవంగా మీ బొమ్మని మూడో మెట్టు నుంచి మొదటి మెట్టుకి మార్చింది. పాట మీరే తెచ్చుకుంటారా, మేము పెట్టాలా?

ఇక మీరు యంత్రమనే పట్టుబడితే నిబంధన తొమ్మిది ఉంది. కట్టినవారు తమ చేత్తో గీసిన నమూనా పత్రం పంపాలి. కిందటేడు ఒకాయన కొన్న బొమ్మ తెచ్చి తనదే అన్నాడు, అప్పటి నుంచి పెట్టాం. అంకుల్ ఇరవై పేజీలు పంపారు. పుస్తకంలో పేజీలకే జిరాక్సులు తీశారనుకోండి, కానీ పంపారు.

భవదీయుడు,
సాంబశివరావు

తా.క. బొమ్మ మట్టి తీస్తుందన్నారు. హాల్లో కార్పెట్ కొత్తది. మట్టి అక్కర్లేని నాట్యం ఏదైనా ఉంటే చూడగలరు.


హేస్,
సెప్టెంబరు 21

సాంబశివరావు గారికి,

వరలక్ష్మి, డెబ్బై నాలుగు. మీకు ఉత్తరాలు రాయించేసరికి డెబ్బై అయిదు వచ్చేలా ఉంది.

నమూనా గీయమన్నారు. గీశాను. పెన్ను పట్టుకోవడం ఇదే మొదలు. ముగ్గుపిండి అయితే ఇంత ఆలస్యమయ్యేది కాదు. అక్షరం రాకపోతే చుక్క కూడా రాదా? ఇటుక మీద ఉండేవి చుక్కలేగా. రెండు చుక్కల ఇటుక, నాలుగు చుక్కల ఇటుక, ఎనిమిది చుక్కల ఇటుక. ఏ చుక్క మీద ఏది కూర్చోవాలో తెలిస్తే కట్టడం వచ్చినట్టే. కాగితం మీద ఇరవై ఒక్క చుక్క, పదకొండు వచ్చేదాకా సందు చుక్క. గీతలు కలిసిన చోటల్లా పళ్ళ చక్రం. మెలిక తిరిగిన చోట మరమేకులా చుట్లు తిరిగిన చక్రం. అది వేస్తే ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంటుంది, బరువుకి జారదు. వెనక మూల ఖాళీ గడిలో రెండు గుప్పెళ్ళు చింతగింజలు పొయ్యాలి. ముందు ఎంత చాపితే వెనక అంత బరువు. తట్ట నెత్తిన పెట్టుకుని గట్టు మీద నడిచినవాళ్ళకి ఇది ఎవరూ నేర్పక్కర్లేదు.

కార్పెట్ కొత్తదంటున్నారు కాబట్టి మట్టి వద్దు, పెసరపప్పు పొయ్యండి.

మా ఆయన ఈ కాగితం చాలాసేపు చూశాడు. కవరు తనే పోస్టులో వేస్తానన్నాడు. మోకాళ్ళ నొప్పులని కార్నర్ షాపుకి కూడా పోనివాడికి ఈ హుషారేమిటో. వద్దన్నాను. ప్రవల్లిక వేస్తుంది.

ఇట్లు,
వరలక్ష్మి వేలిముద్ర
సాక్షులు: ప్రవల్లిక, స్రవంతి (నైట్ డ్యూటీ దిగి, ఒక కన్ను మూసుకుని)

తా.క. చింతగింజలు షెఫీల్డ్‌లో దొరక్కపోతే చెప్పండి, ఈస్ట్ హామ్ నుంచి తెప్పిస్తాను. కళ్ళద్దాల షాపు కూడా అక్కడ ఉంది.


షెఫీల్డ్,
సెప్టెంబరు 29

వరలక్ష్మి గారికి,

హృదయపూర్వక అభినందనలు. ముగ్గుల పోటీలో మీకు మొదటి బహుమతి వచ్చింది.

కోప్పడకుండా మిగతాది కూడా చదివించుకోండి. మీ ఉత్తరం నా ఫైలులో, మీ కాగితం ముగ్గులు చూసే గిరిజ గారి ఫైలులో పడ్డాయి. 'ఇలాంటి మెలికల ముగ్గు చూసి ఎన్నేళ్ళయింది' అని ఆమె దాన్ని హాల్లో గోడకి అతికించారు. అక్కడ కుర్చీలు సర్దడానికి సుహాస్ అని, ఇక్కడ యూనివర్సిటీలో మెకానికల్ చదివే కుర్రాడు వచ్చాడు. కుర్చీ పట్టుకుని గోడ ముందే నిలబడిపోయాడు. 'సర్దవయ్యా' అంటే, 'అంకుల్, ఇది ముగ్గు కాదు, గేర్‌బాక్స్' అన్నాడు.

వాళ్ళ క్లబ్బులో ఉన్న ఇటుకలతో రెండు రోజుల్లో కట్టేశాడు. నిన్న మా వంటింట్లో పెట్టి నడిపాం. మా టీ కప్పులన్నీ ఒక్కొక్కటే ఎత్తి గట్టు చివర పెట్టింది. ఒక్కటీ పగల్లేదు. పొక్లెయిన్‌కీ పింగాణీకీ తేడా నాకు ఆ గట్టు ముందు తెలిసింది. మీ యంత్రాన్ని నాలుగో బల్లకి, అంకుల్ యంత్రం పక్కనే, మార్చాను.

ఇంకో సంగతి. ఎందుకైనా మంచిదని దరఖాస్తులు రెండూ తీసి పక్కపక్కన పెట్టాను. రెండూ ఒకే చేతిరాత. ఆయన దరఖాస్తులో 'ఎక్స్‌కవేటర్' అని ఒక్క అక్షరం తప్పు లేకుండా ఉంది. మీ దరఖాస్తులో 'పోర్స్‌లిన్' అని, దాని కింద 'తేలికగా పగులుతుంది' అని, దాని కింద రెండు గీతలు. నా అద్దాలు బాగానే ఉన్నాయండి.

భవదీయుడు,
సాంబశివరావు

తా.క. ముగ్గుల బహుమతి వెనక్కి తీసుకోవడానికి గిరిజ గారు ఒప్పుకోవడం లేదు. గేర్‌బాక్స్ అయితే మాత్రం మెలిక ఎక్కడన్నా తప్పిందా అంటున్నారు.


హేస్,
అక్టోబరు 8

సాంబశివరావు గారికి,

నూతలపాటి వరలక్ష్మి. వయసు, ఇల్లు మీకు తెలిసినవే. శనివారం జరిగింది మీరూ చూశారు. అయినా కాగితం మీద ఉండాలని రాయిస్తున్నాను. నలభై ఏళ్ళ కిందటిది కాగితం మీద లేకపోబట్టే ఇంత దూరం వచ్చింది.

మీరు ఈల వేశారు. ఇద్దరం చెయ్యి చాపించాం. రెండు బకెట్లూ పెసరపప్పులో మునిగాయి. ఎత్తే వేళకి ఆయన యంత్రం వెనక పట్టాలు లేచాయి. అది ముందుకి ఒరిగి, పప్పు పళ్ళెంలో బోర్లా పడింది. నాది ఎత్తింది, తిరిగింది, పోసింది. అప్పుడు మా ఆయన ఏమన్నాడో మీరే విన్నారు.

'కార్పెట్ జారింది' అన్నాడు.

అదే కార్పెట్ మీద నాది నిలబడి ఉంది. నేను నా యంత్రం ఆపాను. మీ అందరి ముందూ ఆయన్ని నిలదీయడానికి నాకు నోరు లేక కాదు. ముప్పై ఏళ్ళు బండి నడిపిన మనిషి చిందిన పప్పు గింజలు ఏరుకుంటూ కూర్చున్నాడు.

తిరుగు బస్సులో లెస్టర్ ఊరు దాటాక మా ఆయన, 'చింతగింజలు ఎన్ని పోశావే' అన్నాడు. రెండు గుప్పెళ్ళన్నాను. 'అప్పుడు మన బండి వెనక బరువు దిమ్మ తీసి రిపేరుకి పంపారు. అది లేకుండానే చెయ్యి చాపాను' అన్నాడు. ఈ ముక్క నలభై ఏళ్ళలో మొదటిసారి వింటున్నాను. దరఖాస్తు సంగతేమిటయ్యా అన్నాను. కిటికీలోంచి చూస్తూ, 'నీది నిలబడుతుందని తెలుసు' అన్నాడు.

'తెలిసే అలా రాశావా?'

'తెలియకపోతే ఎందుకు రాస్తాను?'

డబ్బా మూత తీశాను. తెచ్చిన పులిహోర చెరిసగం తిన్నాం. కానీ పందెం పందెమే. నలుగురి ముందూ అనలేకపోతే నలుగురూ చదివేలా రాయమన్నాను. మీరు దీన్ని మీ హాల్లో, ముగ్గు పక్కన అతికించండి.

తా.క. మీరు పంపిన ప్రశంసాపత్రం అందింది. దాని మీద 'ఉత్తమ పింగాణీ యంత్రం' అని అచ్చయిందని ప్రవల్లిక నవ్వి నవ్వి చెప్పింది. దిద్ది పంపుతామంటారేమో, వద్దు. మా ఆయన కుర్చీకి ఎదురుగోడ మీద మేకు కొట్టించాను.

ఇట్లు,
వరలక్ష్మి వేలిముద్ర

సాక్షులు:
1. ప్రవల్లిక
2. నూతలపాటి రామాంజనేయులు, పొక్లెయిన్ ఆపరేటరు. కట్ట జారలేదు.