మేకల గుట్ట మీది సిగ్నల్

ఒరేయ్ సీనా,

నువ్వు చచ్చిపోయిన నాలుగు నెలలకు మన ఊళ్లో టవర్ పెట్టినారు. ఇప్పుడు మంచం మీదనే సిగ్నల్ నిండుగా వస్తాంది.

అంతకుముందు నువ్వు మేకలు మేపే గుట్టే మనకు దిక్కు. పెళ్లిలో కలిసిన దొనకొండ లక్ష్మికి నేను రోజూ గుడ్ మార్నింగులు పెడుతుంటే తిట్టినావు. "ఏందిరా ఆ పూల బొమ్మలు? ఫోన్ చేసి మాట్లాడు. ఆ పిల్ల విసుక్కోకముందే నువ్వే ఫోన్ పెట్టెయ్" అని నేర్పినావు. అప్పటినించి గుట్ట మీద నీ పక్కన కూచొనే ఆమెకు ఫోన్ చేస్తాంటి, నువ్వూ పలకరిస్తాంటివి. నువ్వు పోయినాక నేను గుట్ట ఎక్కలేదు, ఆమెకు ఫోనూ చేయలేదు.

ఈ పొద్దు ఇంట్లోనించే చేసినా.

"మేకల అరుపులు లేవేంది? సీనన్న ఏడి?" అనింది.

చెబుదామనే నోరు తెరిచినా. "మేకలు తోలుకొని దూరం పోయినాడు" అని చెప్పి, ఆమె ఇంకోమాట అడగకముందే నేనే పెట్టేసినా.