బావ ఆంప్లిఫయర్

మల్కాజ్‌గిరి, ఆదివారం రాత్రి

ముందు మంచి హెడ్‌ఫోన్లు కొనాలని నేను, ముందు ఆంప్లిఫయరే కొనాలని బావ. తన పాతదాన్ని నాకు అంటగట్టాలని చూస్తున్నాడని నా అనుమానం.

ఇవాళ కార్ఖానా ఏరియాలో ఉండే అక్కావాళ్లింటికి వెళ్తే, నా హెడ్‌ఫోన్లనే దానికి తగిలించి, "ఇప్పుడు విను, ఎంత ఫరక్ ఉందో నువ్వే చెప్తవ్" అన్నాడు. పాట అదిరిపోయింది. కానీ వాల్యూమ్ బాగా పెంచి ఇచ్చాడు. మోత పెరిగితే ఏ డబ్బా అయినా బాగానే అనిపిస్తుంది. వెంట తీసుకెళ్లిన నా సీడీ ప్లేయర్‌కే నేరుగా తగిలిస్తే ఎంత మోత వస్తుందో సరిగ్గా అంతకు తగ్గించి వింటే, ఆంప్లిఫయర్ ఉన్నా లేకున్నా తేడా లేదు. దొరికాడనుకున్నాను.

"గింత తగ్గిస్తే ఏం వినబడ్తది రా?" అంటూ తను పెట్టుకుని మళ్లీ పెంచాడు. ఎదురుగా కూర్చున్న నాకే పాటలో ప్రతి మాటా తెలుస్తోంది. బావ మాత్రం హాయిగా తలూపుతున్నాడు.

బావ హెడ్‌ఫోన్లు తీశాక, వంటింట్లోంచి అక్క "టీ పెట్టాల్నా?" అని అరిచింది. బావ పలకలేదు. అక్క మళ్లీ అరవలేదు. వచ్చి అతని ఎదురుగా నిలబడి, మొహంలోకి చూస్తూ అదే మాట అడిగింది. "పెట్టు" అన్నాడు.

ఇన్నేళ్లు రైలింజన్ల షెడ్డులో పనిచేసిన చెవులు. వాల్యూమ్ పెంచింది మోసం చేయడానికి కాదేమో. అక్కకు ఎప్పటినుంచి తెలుసో. నా దగ్గర ఎందుకు దాస్తోందో...