కరీం భాయి బ్రాందీ గ్లాసులు

1948 సెప్టెంబరు 13, సోమవారం
ఇండియా ఫౌజు సరిహద్దు దాటిందని రేడియోల చెప్పిన్రు. క్లబ్బుల ఒక్క దొర లేడు. అయినా కరీం భాయి బ్రాందీ గ్లాసులన్ని దింపించిండు. వేన్నీళ్లు, మల్మల్ గుడ్డ. "సబ్బు పెట్టకు దేవదానం. దాని వాసన లోపల్నే కూసుంటది." ఇరవై ఏండ్ల సంది హెడ్ బట్లరు, నాకు పని నేర్పిన మనిషి. ఇయ్యాల తుడిచిన గ్లాసునే మల్ల మల్ల తుడుస్తున్నడు. కొడుకు యూసుఫ్ రజాకార్లల్ల చేరినంక ఇంట్లకు రావద్దన్నడు... అయినా కొడుకే గద.

15
రైళ్లు లేవు. నా భార్య శాంత పిల్లలను తలుపు దాటనిస్తలేదు.
వానకాలంల మా గల్లీ మీదికి రజాకార్ల మూక వచ్చిన దినం యాదికొస్తున్నది. మా గుమ్మంల కుర్చీ ఏసుకొని కూసున్నడు కరీం భాయి. "మొదలు నన్ను దాటుండ్రి" అన్నడు. దాటలే.

18
నిజాం ఫౌజు లొంగింది. రాంగోపాల్‌పేట్ల జెండాలు, మిఠాయి. నాకు సుత సంతోషమే. క్లబ్బుల కరీం భాయి మొకం చూసినంక జెర మెల్లగ నడిచిన.

22
కొత్త ఆఫీసర్లు డిన్నర్‌కొచ్చిన్రు. బెజవాడ దిక్కు కెప్టెన్ ఒకాయన — "ఇంత పెద్ద గ్లాసులో ఇంత కొంచెమా?" అందరు నవ్విన్రు.
కరీం భాయి వంగిండు. "సాబ్, కాడ పట్టుకోవద్దు. పొట్టను అరచేతిల పెట్టుకోండి. చేతి వేడికి వాసన లేస్తది. మూతి ఇరుకు, బయటికి పోదు. మొదలు ముక్కుతోని తాగాలె."
కెప్టెన్ కండ్లు మూసుకొని వాసన చూసిండు. "నిజమేనండీ."
బట్లరును 'అండీ' అన్నది ఇని కరీం భాయి ఎనక ప్యాంట్రీలకొచ్చి గోడ దిక్కు తిరిగి నిలబడ్డడు.
ఆయన నమాజీ. నేను బాప్తిస్మం తీసుకున్నోన్ని. ఇద్దరం ఎన్నడు చుక్క నోట్ల ఏసుకోలె. ఏ సీసల ఏముందో వాసనతోనే చెప్తం.

24
పోలీసులొచ్చిన్రు, యూసుఫ్ కోసం. దొరకలే. తండ్రిని తీస్కపోయిన్రు.
క్లబ్బు సెక్రటరీ దొర పిలిచి, "కరీం గురించి నీకేమన్న తెలుసా?"
"తెల్వదు సార్."
గంతే అన్న. గుమ్మంల కుర్చీ సంగతి చెప్పలే. దొర గ్లాసుల బీరువ తాళాలు నా చేతిల పెట్టిండు. తీసుకున్న.

25
ఒక్కన్నే కడిగిన. ఒకటి పలిగింది. ఏలు తెగింది.

26, ఆదివారం
చర్చికి పోయిన. పాట షురూ అయింది... లేచి బయటికొచ్చిన.

28
కరీం భాయి భార్య ఫాతిమా భాభీ వచ్చింది. నన్ను తిడుతదనుకున్న, తిట్టలే. "ఆ దినం మీ గుమ్మంల కూసున్న ముచ్చట ఒక్కటి రాసియ్యి తమ్మీ." రాస్తుంటె మెల్లగ అన్నది — "యూసుఫ్ యాప్రాల్ ఊర్ల మా చెల్లె ఇంట్ల ఉన్నడు. జ్వరం. నీకు తప్ప ఎవలికి చెప్పలే."
నాకెందుకు చెప్పింది?

29
ఠాణాల కాయిదం ఇచ్చిన. ఇన్స్‌పెక్టర్ రెండుసార్లు చదివిండు. "ముసలాయన మంచోడే. కొడుకు దొరికితె ఈయనను ఇడుస్తం. ఏడున్నడు?"
తెల్వదన్న. ఆయన నా మొకమే చూసిండు. "తెల్సుకొని ఎల్లుండి పది గంటలకు రా. ఆ తర్వాత ముసలాయన్ని జైలుకు పంపుతం."
కరీం భాయిని చూడనిచ్చిన్రు. గడ్డం పెరిగింది, దగ్గుతున్నడు. రుమాల్ల నెత్తురు. నా కట్టుకట్టిన ఏలు చూసి "గరమ్ నీళ్లల్ల చల్ల గ్లాసు పెట్టినవా?" అన్నడు. కొడుకు సంగతి అడగలే. నేను చెప్పలే.

అక్టోబరు 1
పొద్దుగాల తొమ్మిది. అంగీ ఏసుకున్న. శాంత ఒకసారి "చెప్పు, పెద్దాయన బతుకుతడు" అంటది, ఇంకోసారి "వద్దు, ఆ పిల్లగాన్ని చంపుతరు" అంటది. భాభీకి ఇన్స్‌పెక్టర్ మాట నిన్ననే చెప్పిన. ఇయ్యాల వచ్చి వాకిట్ల నిలబడ్డది, నాతోని ఠాణాకొస్తదట. అక్కడ ఏం చెప్తవని అడుగుతలేదు.