కొప్పు పట్టని హెల్మెట్

నాచారం, 4వ తారీఖు

అమ్మా, ఫోన్‌లో అడిగితే ఏడుస్తావని ఈ కార్డు రాస్తున్నాను. స్వర్ణలత వదినతో చదివించుకో.

ఇరవయ్యో తారీఖున మా కంపెనీ వాళ్లు రేసు ట్రాక్ మీద కార్లు నడపనిస్తారు. నేనూ పేరిచ్చాను. ఉప్పల్‌లో హెల్మెట్ కొనబోయి, కొప్పు పట్టాలని పెద్దది పెట్టుకుంటే కళ్ల మీదికి జారింది. "హెల్మెట్ తలకు గావాలె బిడ్డా, కొప్పుకు గాదు" అని కొట్టాయన నవ్వాడు. జడ కిందికి వేసినా ఆ లావుకు సరైన సైజు దిగలేదు.

మన ఇంట్లో మొదట బడికి పోయింది నేనేనని మురుస్తూ, గడపలో కూర్చోబెట్టి నల్ల రిబ్బన్లతో జడలు మడిచి కట్టేదానివి. ఉద్యోగం వస్తే ఈ జుట్టు రాజన్న దేవుడికిస్తానని మొక్కిందీ నువ్వే, మనసొప్పక ఏడాదిగా ఆపుతున్నదీ నువ్వే. ఇప్పుడు వేములవాడ పోదామా?

మేక ఈనిందా? నాయన మోకాలి నొప్పి తగ్గిందా? ఆయనకు దండాలు.

నువ్వు వద్దంటే పేరు తీయించుకుంటాను. పన్నెండో తారీఖులోగా జవాబు రాయించు.

నీ బిడ్డ
రజిత